పౌర్ణమి రాత్రి కొండ మీద నీలి వెలుగు: మీరు అడిగిన చిత్రం ఇదే

గుంటూరు ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో చూసిన సినిమా పేరేమిటని అడిగారు కదండీ. పౌర్ణమి నాడు శిఖరంపై నీలి కాంతి, ఊరంతా మంత్రగత్తె అని ముద్ర వేసిన కొండపిల్ల, ఆమెను ప్రేమించిన చిత్రకారుడు. అది 1932 నాటి జర్మన్ చిత్రం ‘దాస్ బ్లావ లిష్ట్’. దర్శకురాలు లేనీ రీఫెన్‌స్టాల్. ఆ కొండపిల్ల జుంటా పాత్ర కూడా ఆమెదే.

చివర ఊరివాళ్లు ఆమెను చంపుతారని మీకు గుర్తున్నట్టుంది. అలా కాదు. ప్రేమించినవాడే, మేలు చేస్తున్నాననుకుని, ఆ నీలి వెలుగునిచ్చే స్ఫటికాల గుహకు ఊరివాళ్లకు దారి చెబుతాడు. వాళ్లు స్ఫటికాలన్నీ ఒలుచుకుపోతారు. దారి చూపే ఆ వెలుగు లేక జుంటా కొండ మీది నుంచి పడి చనిపోతుంది. వెలివేసినవాళ్ల కన్నా అతని మీదే నాకు ఎక్కువ కోపం.

వెతికేటప్పుడు విడుదల సంవత్సరం చూసుకోండి. 1938లో మళ్లీ విడుదల చేసినప్పుడు, యూదుడైన రచయిత బేలా బలాష్ పేరు తీసేశారు.