పాత ఇల్లా, కొత్త ఫ్లాటా?

ప్రశ్న: ఈ ఏడాది పదవీ విరమణ చేస్తున్నాను. విజయనగరం కోటకు దగ్గర్లో 120 గజాల్లో ముప్ఫై ఏళ్ల కిందట కట్టిన శ్లాబు ఇల్లు, ఊరి చివర 400 గజాల్లో రంగులు వేస్తున్న పది ఫ్లాట్ల భవనంలో ఒక ఫ్లాటు దాదాపు ఒకే ధరకు వస్తున్నాయి. పిల్లలు కొత్తదే కొనమంటున్నారు. మా అమ్మగారికి 80 ఏళ్లు, మెట్లు ఎక్కలేరు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: శ్లాబులోని ఇనుము బాగుందని తేలితే నేను పాత ఇంటివైపే మొగ్గుతాను. సివిల్ ఇంజనీరును వెంటబెట్టుకుని వెళ్లి స్నానాల గది పైకప్పును, సన్‌షేడ్ల అడుగు భాగాన్ని చూడండి. ఊచలు పరిచిన వరుసలోనే సన్నని పగుళ్లు, వాటి వెంట తుప్పు మరకలు ఉండి, చిన్న సుత్తితో తడితే డొల్లగా మోగితే, లోపలి ఊచ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతున్నదని అర్థం. అలాంటప్పుడు పైన ఎన్నిసార్లు పూత వేయించినా పెచ్చులు ఊడుతూనే ఉంటాయి. ఒకటి రెండు చోట్లయితే ధర తగ్గించుకుని బాగు చేయించుకోవచ్చు. ప్రతి గదిలోనూ ఉంటే ఆ ఇంటికి స్థలం విలువ మాత్రమే కట్టండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఇంట్లో ఏ గోడ నుంచి నీరు దిగిందో, వీధిలో ఎంత నిలిచిందో ఇరుగుపొరుగు వారిని అడగండి. కొత్త భవనం గురించి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేవారు ఇంకా ఎవరూ లేరు. తుపాను తర్వాత కరెంటు రోజుల తరబడి లేకపోతే, జనరేటర్ లేని లిఫ్టు అమ్మగారికి ఏమాత్రం ఉపయోగపడదు.

ఫ్లాటులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది స్థలం. పది మందికీ సమానంగా పంచితే మీ పేరిట రాసేది 40 గజాల విడదీయని వాటా మాత్రమే. పైగా ఇళ్లు, ఫ్లాట్లు కొనేవారికి రక్షణగా తెచ్చిన 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, మించని స్థలంలోని నిర్మాణానికి రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాబట్టి స్వాధీనం చేసిన ఐదేళ్లలో బయటపడే నిర్మాణ లోపాలను ఉచితంగా సరిచేస్తానని బిల్డరు చేత ఒప్పందంలోనే రాయించుకోవాలి. పిల్లల మాటలోనూ న్యాయం ఉంది: కొత్త వైరింగు, కొత్త పైపులు, పార్కింగు చిన్న సౌకర్యాలేమీ కావు.

పాత ఇంటికి 30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ పత్రం), లింకు దస్తావేజులు (ఇల్లు చేతులు మారినప్పటి పాత పత్రాలు) న్యాయవాదికి చూపించండి. అది వారసత్వంగా వచ్చిన ఇల్లయితే ఆడపిల్లలతో సహా వారసులందరూ సంతకం చేయాలి. ఒక్కరు మిగిలినా బయానా ఇవ్వకండి. మీరు అనుకున్న మొత్తమంతా ఇంటి ధరకే పెట్టేయకుండా, వైరింగు, పైపులు మార్చడానికి, అమ్మగారి స్నానాల గదిలో జారని టైల్సు, గోడకు పట్టుకునే కడ్డీ వేయించడానికి కొంత ముందే పక్కన పెట్టుకోండి.