పరిశోధన పత్రానికి తీర్పు చెప్పేది ఎవరు?

ప్రశ్న: నేను పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. నల్లగొండ జిల్లా బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్‌పై రాసిన పేపరును ఒక అంతర్జాతీయ జర్నల్‌కు పంపితే, ఐదు నెలల తరువాత ఇద్దరు రివ్యూయర్ల వ్యాఖ్యలతో ‘మేజర్ రివిజన్’ అని తిరిగి వచ్చింది. మొదటివారు విశ్లేషణ బాగుందని, చర్చ భాగాన్ని మాత్రం కుదించమని రాశారు. రెండోవారు వేసవి నమూనాలు మాత్రమే ఉన్నాయి కాబట్టి నా నిర్ధారణలు నిలబడవన్నారు. ఒకే పేపరుపై ఇంత తేడా ఎలా వస్తుంది? వీళ్లెవరో నాకు ఎందుకు చెప్పరు? ఇది తిరస్కరణ కిందే లెక్కా?
– ఒక పరిశోధక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: తిరస్కరణ కాదు. మీ పత్రంలో అచ్చుకు తగిన విషయం ఉందని, అయితే ఇంకా పని మిగిలి ఉందని సంపాదకులు చెప్పడమే ‘మేజర్ రివిజన్’. జర్నల్‌కు చేరిన ప్రతి పేపరునూ ముందుగా చూసేది సంపాదకులే. జర్నల్ పరిధికి చెందనివి, ఇతరుల రచన నుంచి ఎత్తి రాసినవి, కొత్త విషయమేదీ లేనివి సమీక్షకు వెళ్లకుండా అక్కడి నుంచే వెనక్కి వస్తాయి. ఆ దశ దాటిన పేపరుకు అదే రంగంలో పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు సమీక్షకులను వెతకాలి. మీరు ఉదహరించిన పత్రాల రచయితలనో, సంపాదక మండలికి తెలిసిన నిపుణులనో, ఒక్కోసారి మీరు సూచించినవారినో అడుగుతారు. ఈ పనికి సాధారణంగా పైసా పారితోషికం ఉండదు. పాఠాలు, ప్రయోగశాల, సొంత విద్యార్థుల థీసిస్‌లు అన్నీ చూసుకున్నాక మిగిలిన సమయంలో చేయవలసిన పని కనుక చాలామంది కుదరదంటారు. మీరు ఎదురుచూసిన ఐదు నెలల్లో చాలా భాగం చదివేవారిని ఒప్పించడానికే పట్టి ఉండవచ్చు.

సమీక్షకులు ఇచ్చేది సలహా మాత్రమేనని, తీర్పు సంపాదకులదని గుర్తుంచుకోండి. ఇద్దరి అభిప్రాయాలు వేరుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే పేపరులోని ఒక్కో పార్శ్వానికి ఒక్కో నిపుణుణ్ని ఎంచుకోవడం మంచి సంపాదకుల పద్ధతి. మీరు రాసినదాన్ని బట్టి మొదటివారు నీటి రసాయన విశ్లేషణ తెలిసినవారు, రెండోవారు భూగర్భ జలాలపై పనిచేసినవారు అనిపిస్తోంది. నల్లగొండ వంటి గ్రానైట్ నేలల్లో ఫ్లోరైడ్ రాతిలోని ఖనిజాల నుంచి నీటిలోకి దిగుతుంది. వానలు పడ్డాక ఒకచోట అది పలచబడుతుంది, మరోచోట పై మట్టిలో పేరుకున్న లవణాలు కిందికి దిగి పెరుగుతుంది కూడా. వేసవిలో ఒక బావి నీటిలో లీటరుకు 1.6 మిల్లీగ్రాములు ఉందనుకోండి. తాగునీటికి భారతీయ ప్రమాణాలు పెట్టిన 1.5 గరిష్ఠ పరిమితిని అది దాటినట్టే. అదే బావిలో వానల తరువాత 1.3 వస్తే మీ పట్టికలో అది ఉండవలసిన గడి మారిపోతుంది. ఆ ఊరివాళ్లు ఏ బావి నీళ్లు తాగాలో రేపు ఒక అధికారి మీ పట్టిక చూసి చెప్పవచ్చు. అందుకే మీకు కష్టం కలిగించిన రెండో సమీక్షే మీ పత్రానికి ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

జవాబు రాసేటప్పుడు ప్రతి వ్యాఖ్యనూ యథాతథంగా ఎత్తి రాసి, దాని కింద మీరు ఏం మార్చారో, అది ఏ పేజీలో ఏ వరుసలో ఉందో చూపండి. వానల తరువాత నమూనాలు తీసే వీలుంటే సంపాదకులకు రాసి గడువు పెంచమనండి, సాధారణంగా ఒప్పుకుంటారు. వీలు లేకపోతే శీర్షికలోనే ‘వేసవి’ అని చేర్చి, నిర్ధారణలను ఆ కాలానికే పరిమితం చేయండి. అది కూడా నిజాయితీ గల పరిష్కారమే. సమీక్షకులు పొరబడ్డారని మీకు నమ్మకంగా తెలిసినచోట ఆధారం చూపి మర్యాదగా కాదనవచ్చు. ఇద్దరి సూచనలూ ఢీకొన్నచోట మీరు ఏ దారి ఎంచుకున్నారో, ఎందుకో సంపాదకులకు విడిగా ఒక పేరాలో రాయండి. కోపంగా ఉన్న రోజున మాత్రం ఏమీ పంపకండి.

ఇక పేర్ల సంగతి. విజ్ఞాన శాస్త్ర జర్నళ్లలో ఎక్కువగా సమీక్షకులకు మీరెవరో తెలుస్తుంది, వారెవరో మీకు తెలియదు. పెద్ద ప్రొఫెసర్ పేపరును ఒక యువ అధ్యాపకుడు విమర్శించాలంటే ఈ రక్షణ అవసరమని అంటారు, అది నిజమే. కానీ రచయిత పేరు తెలియడం వల్ల జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. 2022లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ జర్నల్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో ఒకే ఆర్థికశాస్త్ర పత్రాన్ని కొందరికి నోబెల్ గ్రహీత పేరుతో, కొందరికి పేరు తెలియని పరిశోధకుడి పేరుతో పంపారు. నోబెల్ గ్రహీత పేరు చూసినవారిలో తిరస్కరించమన్నవారు సుమారు 23 శాతం, తెలియని పేరు చూసినవారిలో సుమారు 65 శాతం. ఈ అంకెలు చూశాక, ఇద్దరి పేర్లూ దాచి చేసే సమీక్ష మన చిన్న విశ్వవిద్యాలయాల విద్యార్థులకు మేలని గట్టిగా అనిపిస్తుంది. ఆ సౌకర్యం ఇచ్చే జర్నళ్లు ఉన్నాయి. తరువాతి పేపరుకు వెతకండి.

ప్రశ్న: నిపుణులు చదివి ఒప్పుకున్నాకే అచ్చు వేస్తారంటారు. మరి టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న తప్పుడు పత్రం ‘లాన్సెట్’ వంటి జర్నల్‌లో ఎలా వచ్చింది? ఐన్‌స్టీన్ కాలంలోనూ ఇదే పద్ధతి ఉండేదా?
– పదవీ విరమణ చేసిన లెక్చరర్, గుంటూరు

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఐన్‌స్టీన్‌కే ఈ అనుభవం ఎదురైంది. 1936లో ఆయన, నేథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు లేవని వాదిస్తూ ‘ఫిజికల్ రివ్యూ’కు ఒక పత్రం పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి చూపించి, వచ్చిన సుదీర్ఘమైన విమర్శను ఐన్‌స్టీన్‌కు పంపాడు. జర్మన్ పత్రికల పద్ధతికి అలవాటుపడిన ఐన్‌స్టీన్, అచ్చుకు ముందే తన పత్రాన్ని ఇతరులకు చూపించే అనుమతి తాను ఇవ్వలేదని కోపంగా రాసి, పేపరును వెనక్కి తీసుకున్నారు. ఆ సమీక్షకుడు ప్రిన్స్‌టన్‌లోనే ఉన్న హెచ్.పి. రాబర్ట్‌సన్ అని దశాబ్దాల తరువాత జర్నల్ రికార్డుల్లో బయటపడింది. రాబర్ట్‌సన్ ఆ లోపాన్ని ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌కు మాటల్లో వివరించారు. 1937లో మరో జర్నల్‌లో ఆ పత్రం వచ్చేసరికి దాని నిర్ధారణ తారుమారైంది. గురుత్వ తరంగాలను 2015లో లైగో పరికరాలు నేరుగా గుర్తించాయి. సమీక్షే లేకపోతే ఆ తప్పు ఐన్‌స్టీన్ పేరుతో అచ్చులో ఉండిపోయేది.

నిజానికి అన్ని పేపర్లకూ బయటి సమీక్ష తప్పనిసరి కావడం ఈమధ్య సంగతే. లండన్ రాయల్ సొసైటీ పత్రిక ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ 1665 నుంచి వస్తున్నా, లిఖిత అభిప్రాయాలు అడిగే ఆనవాయితీ 1830లలో కానీ మొదలు కాలేదు. ‘నేచర్’ ఈ నియమాన్ని పెట్టుకున్నది 1973లో. డీఎన్ఏ నిర్మాణంపై వాట్సన్, క్రిక్‌ల 1953 నాటి పత్రం ఇలాంటి సమీక్ష లేకుండానే అచ్చయింది.

మీ మొదటి ప్రశ్న బరువైనది. సమీక్షకులు ప్రయోగాన్ని మళ్లీ చేయరు, ఆస్పత్రి రికార్డులు తెరిచి చూడరు. రచయిత ఇచ్చిన అంకెలు నిజమని నమ్మి, వాటి నుంచి నిర్ధారణ సక్రమంగా వచ్చిందా అని మాత్రమే చూస్తారు. ఆ చూపు కూడా ఎంత పరిమితమో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ పరీక్షించింది. ఒక పత్రంలో 8 లోపాలను కావాలని చొప్పించి 420 మందికి పంపితే 221 మంది సమీక్షలు రాశారు. వారు పట్టుకున్నవి సగటున 2. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ ‘జామా’లో వచ్చిన ఈ ఫలితాన్ని చూసి సమీక్షే దండగ అనేవారితో నేను ఏకీభవించను. అయితే పొరపాటును పట్టడమే ఇంత కష్టమైనప్పుడు బుద్ధిపూర్వకమైన మోసాన్ని సమీక్ష ఆపుతుందని ఆశించకూడదు. 12 మంది పిల్లల గురించి 1998లోనే వచ్చిన ఆ టీకా పత్రాన్ని ‘లాన్సెట్’ పూర్తిగా ఉపసంహరించుకోవడానికి 2010 దాకా పట్టింది. అందులోని అవకతవకలను బయటపెట్టడంలో ఒక పాత్రికేయుడి పరిశోధన పెద్ద పాత్ర వహించింది. కరోనా కాలంలో హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై అదే జర్నల్ 2020 మే నెలలో వేసిన పత్రాన్ని మాత్రం జూన్ మొదటి వారంలోనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సుమారు 96 వేల మంది రోగుల మూల సమాచారాన్ని పరిశీలనకు ఇవ్వడానికి దాన్ని సమకూర్చిన కంపెనీ నిరాకరించింది. ఈ రెంటి మధ్య తేడాను గమనించండి. రెండోసారి వందలాది శాస్త్రజ్ఞులు అచ్చయిన వెంటనే అంకెలను ప్రశ్నించారు. అచ్చయ్యాక జరిగే ఈ చదువు కూడా సమీక్షలో భాగమేనని నా నమ్మకం. దానికి మూల సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలి.

ప్రశ్న: వారంలో ప్రచురిస్తామని ఒక జర్నల్ నుంచి మెయిల్ వస్తే పేపరు పంపాను. మూడు రోజుల్లో అంగీకరించి, ఇప్పుడు డబ్బు కట్టమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కట్టకండి. పైన చెప్పిన పనంతా మూడు రోజుల్లో జరిగే అవకాశం దాదాపు లేదు. రుసుము అడగడమే తప్పు కాదు, ఎవరైనా ఉచితంగా చదవగలిగే మంచి జర్నళ్లు కూడా రచయితల నుంచి తీసుకుంటాయి. అయితే ఆ మొత్తాన్ని ముందే బహిరంగంగా చెబుతాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో, సమీక్ష సరిగా చేయకపోవడం, రుసుమును దాచడం ప్రధాన ఆరోపణలు. అక్కడి కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. మన యూజీసీ కూడా 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించింది. ఆ తరువాత తెచ్చిన కేర్ జాబితాను 2025లో ఎత్తివేసి, జర్నళ్ల ఎంపికను విద్యాసంస్థలకే వదిలింది కాబట్టి, ఇప్పుడు మీ గైడ్‌తో, లైబ్రేరియన్‌తో మాట్లాడటం మునుపటికంటే అవసరం.

ముందుగా పేపరును ఉపసంహరించుకుంటున్నట్టు మెయిల్ రాసి, ప్రతిని గైడ్‌కు పంపండి. కాపీరైట్ బదిలీ పత్రంపై సంతకం పెట్టకండి. ఉపసంహరణకు డబ్బు అడిగినా ఇవ్వకుండా, ఆ మెయిళ్లన్నీ భద్రపరచండి. వారి నుంచి లిఖితపూర్వక సమాధానం రాకముందే అదే పేపరును మరో జర్నల్‌కు పంపితే రెండుచోట్ల అచ్చయ్యే ప్రమాదం ఉంది. సమాధానం రాకపోతే కొత్త జర్నల్ సంపాదకులకు జరిగినదంతా తేదీలతో సహా మొదటి ఉత్తరంలోనే తెలియజేయండి.