ఎస్‌ఓడీ2 ఎక్కువున్న గ్లియోమా రోగుల్లో మనుగడ తేడా: గ్రేడ్ చేర్చగానే ఎందుకు మాయమవుతోంది?

గ్లియోమా (ఒక రకం మెదడు కణితి) రోగుల్లో ఎస్‌ఓడీ2 (కణాల్లోని ఒక ఎంజైమ్) స్థాయిని బట్టి మనుగడలో తేడా ఉన్నట్టు కాప్లాన్–మేయర్ రేఖల్లో (కాలంతో పాటు ఎంతమంది జీవించి ఉన్నారో చూపేవి) కనిపించిందని, కాక్స్ నమూనాలో (పలు అంశాల ప్రభావాన్ని ఒకేసారి లెక్కించే గణాంక పద్ధతి) వయసు, గ్రేడ్ (కణితి తీవ్రత స్థాయి) చేర్చగానే అది పోయిందని, ఎందుకని ప్రశ్న. అలా పోయింది కాబట్టి, తక్కువ గ్రేడ్ గ్లియోమాలను, గ్లియోబ్లాస్టోమాలను (అత్యంత తీవ్రమైన రకం) ఒకే గుంపుగా కలపడమే దీనికి కారణం అయివుండవచ్చు.

1. ముందుగా ఐడీహెచ్ అనే జన్యువులో ఉత్పరివర్తన (మార్పు) ఉన్న కణితులను, లేనివాటిని వేరు చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం పెద్దల్లో గ్లియోబ్లాస్టోమా అంటే ఆ ఉత్పరివర్తన లేనిదే. పాత డేటాలో అదే పేరుతో నమోదైన కొన్ని కణితులు ఇప్పుడు గ్రేడ్ 4 ఆస్ట్రోసైటోమాల కిందికి వస్తాయి. ఆ రోగులు సగటున ఎక్కువ కాలం జీవిస్తారు కనుక, పాత రోగనిర్ధారణ పేరును నమ్మి విభజిస్తే పొరపాటు అలాగే మిగిలిపోతుంది.

2. తర్వాత ఒక్కో గుంపులో విడిగా కాక్స్ నమూనా నడపండి. వయసుతో పాటు ఎంజీఎంటీ ప్రమోటర్ మిథైలేషన్ (కీమోథెరపీకి కణితి ఎంత లొంగుతుందో సూచించే డీఎన్‌ఏ గుర్తు), శస్త్రచికిత్సలో తొలగించిన మేర కూడా ఉండాలి. ఎస్‌ఓడీ2ను ఎక్కువ, తక్కువ అని విడగొట్టకుండా అంకెగానే ఉంచండి. అతి తక్కువ పీ-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే సంభావ్యత) ఇచ్చే హద్దును వెతికి పెట్టుకోవడమంటే లేని తేడాను సృష్టించుకోవడమే.

3. అప్పటికీ తేడా నిలిస్తే, అది కణితి కణాలదేనా, చొరబడిన మాక్రోఫేజ్‌లదా (ఒక రకం రోగనిరోధక కణాలు) అన్నది చూడాలి.

ఎస్‌ఓడీ2 సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది; ఆ పెరాక్సైడ్‌ను తొలగించేవి కెటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి ఎంజైములు. అందుచేత వాటి స్థాయిలను కూడా ఎస్‌ఓడీ2తో పోల్చి చూడండి. ఆర్‌ఎన్‌ఏ స్థాయిని మాత్రం ఎంజైమ్ క్రియాశీలతగా రాయకండి.