లైసెన్సు సస్పెన్షన్‌లో ఉండగా కారు నడిపితే ఇన్సూరెన్సు వర్తిస్తుందా?

ప్రశ్న: మాది ఆదోని. పత్తి కమీషన్ వ్యాపారం చేస్తాను. ఫోను మాట్లాడుతూ కారు నడిపానని నా లైసెన్సును 3 నెలలు సస్పెండ్ చేశారు. కారుకు ఫుల్ ఇన్సూరెన్సు ఉంది, వచ్చే నెలతో గడువు ముగుస్తుంది. పాలసీ అమల్లోనే ఉంది కాబట్టి అవసరమైతే నడుపుకోవచ్చని ఏజెంటు అంటున్నాడు. మా అమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు కర్నూలు తీసుకెళ్లాలి. నేను నడపవచ్చా? లేదంటే నేను పక్కన కూర్చుని, ఎల్.ఎల్.ఆర్. ఉన్న మా బామ్మర్ది చేత నడిపించవచ్చా?

జవాబు: మీ అమ్మగారి పరిస్థితి తెలిసి కూడా చెప్పక తప్పదు, ఈ 3 నెలలూ మీరు స్టీరింగు ముట్టుకోవద్దు. ఏజెంటు చెప్పిన దాంట్లో సగమే నిజం. ఇన్సూరెన్సు వాహనం మీద తీసుకునేది కాబట్టి మీ లైసెన్సు సస్పెండ్ అయినంత మాత్రాన పాలసీ రద్దు కాదు. అయితే పాలసీ కాగితంలో ‘డ్రైవర్ క్లాజు’ అని ఒక చిన్న పేరా ఉంటుంది, ఒకసారి బయటికి తీసి చదవండి. ప్రమాద సమయానికి బండి నడుపుతున్న వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలనీ, లైసెన్సు పొందడానికి అతడు అనర్హుడై ఉండకూడదనీ అందులో రాసి ఉంటుంది. మీరు ఈ కాలంలో కారు నడిపి దేన్నైనా గుద్దితే, మీ కారు రిపేరు ఖర్చును కంపెనీ తిరస్కరించవచ్చు. యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురైతే ఇచ్చే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడా ఇదే షరతు ఉంది. దీనికి తోడు, మోటారు వాహనాల చట్టం 182వ సెక్షన్ కింద, అనర్హత కాలంలో బండి నడిపినందుకు 3 నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఏమవుతుందన్నది ఇంతకంటే ముఖ్యం. డ్రైవరుకు లైసెన్సు లేకపోవడమో, అతడు అనర్హుడై ఉండడమో మాత్రమే చూపించి కంపెనీ తప్పించుకోజాలదని, యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని కూడా అది రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. తెలియక అనర్హుడికి బండి ఇచ్చిన యజమానిని కాపాడే తీర్పు ఇది. మీ విషయంలో యజమానీ మీరే, డ్రైవరూ మీరే. సస్పెన్షన్ ఉత్తర్వు అందుకున్నదీ మీరే కనుక తెలియదనే మాటకు తావే లేదు. సాధారణంగా ఇలాంటి కేసుల్లో ట్రిబ్యునల్ (రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు) మొదట బాధితుడికి పరిహారం చెల్లించమని కంపెనీని ఆదేశించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర రాబట్టుకునే హక్కు కంపెనీకి ఇస్తుంది. అందుకోసం కంపెనీ మళ్లీ వేరే దావా వేయనక్కర లేదు, అదే తీర్పు మీద వసూలుకు రావచ్చు. సంపాదించే మనిషి చనిపోయిన కేసుల్లో పరిహారం లక్షల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ భారం నేరుగా మీ ఇంటి మీద, పొలం మీద పడుతుంది.

మీ బామ్మర్ది సంగతిలో చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. ఎల్.ఎల్.ఆర్. మీద కారు నడపవచ్చు, పాలసీ కూడా దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి, అవసరమైతే బండిని ఆపగలిగేలా పక్కన కూర్చున్న వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. మీ లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంది కాబట్టి ఆ పక్క సీట్లో కూర్చునే మనిషిగా మీరు పనికిరారు. లైసెన్సు ఉన్న మరొకరు పక్కన లేకుండా అతడు నడిపితే ఎల్.ఎల్.ఆర్. షరతు తప్పినట్లే. పైగా, తెలిసి బండి ఇచ్చిన యజమానిగా మీ మీద 180వ సెక్షన్ కింద కూడా కేసు పెట్టవచ్చు.

కాబట్టి కర్నూలు ప్రయాణాలకు యాక్టింగ్ డ్రైవరును పెట్టుకోండి. అతడి అసలు లైసెన్సు చూసి, నంబరును ప్రభుత్వ రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో సరిచూసి, ఆ రోజు తేదీతో ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఏదైనా జరిగితే మీరు తగిన జాగ్రత్త తీసుకున్నారని చూపించే సాక్ష్యం అదే. అమ్మగారికి ఉన్నట్టుండి బాగా లేకపోతే 108కి ఫోన్ చేయండి గానీ తాళాలు అందుకోవద్దు.

ప్రమాదం జరిగాక డ్రైవరు పేరు మార్చి మరొకరి లైసెన్సు పెడదామని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి వినవద్దు. పోలీసుల చార్జిషీటులో, ఆసుపత్రి రికార్డులో, రోడ్డు మీది కెమెరాలో ఎక్కడో ఒకచోట అసలు పేరు బయటపడుతుంది. అప్పుడు క్లెయిమ్ పోవడమే కాక, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మీతో పాటు ఆ పేరు అరువిచ్చిన మనిషి కూడా క్రిమినల్ కేసులో చిక్కుకుంటాడు.

వచ్చే నెల పాలసీని మాత్రం తప్పక రెన్యువల్ చేయించండి, దానికి మీ లైసెన్సు అడ్డు కాదు. గడువు దాటి 90 రోజులు గడిస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఇక సస్పెన్షన్ ఉత్తర్వును తీసి, మీ వాదన విన్నారా, కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా అని చూడండి. ఈ రెండింటిలో ఏది లోపించినా, ఉత్తర్వు మీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు. పై అధికారి స్టే ఇస్తేనో, 3 నెలలు పూర్తయి లైసెన్సు తిరిగి చెల్లుబాటులోకి వచ్చిందని వెబ్‌సైటులో మీ కళ్లతో చూసుకుంటేనో మాత్రమే మళ్లీ కారు నడపండి.