మీటర్‌లో 138, ల్యాబ్‌లో 121... నాకు షుగర్ ఉన్నట్టా లేనట్టా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మా ఆయనకి షుగర్ ఉంది. ఆయన మీటర్‌తో, ఆయన వేలు గుచ్చుకునే సూది పెన్నుతోనే పరగడుపున చూస్కుంటే 138 వచ్చింది. భయమేసి రెండు గంటల్లో ల్యాబ్‌కి వెళ్తే ఫాస్టింగ్ 121 అన్నారు. క్లినిక్‌లో వేలి చుక్కతో అయిదు నిమిషాల్లో చెప్పే మెషీన్‌లో హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చింది. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువై హిమోగ్లోబిన్ 8.9కి పడిపోయింది, ఐరన్ మాత్రలు ఈమధ్యే మొదలుపెట్టాను. షుగర్ మాత్రలు కూడా మొదలుపెట్టాలా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఈ మూడు నంబర్లు చూసి మీకు షుగర్ ఉందని రాసెయ్యలేం, అలాగని ఏమీ లేదనీ అనలేం. మూడింటిలో నేను ఎక్కువ నమ్మేది ల్యాబ్‌లో నరం నుంచి తీసిన రక్తంలో వచ్చిన 121నే. ఫాస్టింగ్ 126 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ కింద లెక్క, 100 నుంచి 125 మధ్య ప్రీ డయాబెటిస్, అంటే మీరు ప్రస్తుతానికి అంచున ఉన్నారు.

మరి మీటర్ తప్పా అంటే తప్పు కాదు. మంచి మీటర్లకి కూడా 100 పైన రీడింగుల్లో ల్యాబ్‌తో 15 శాతం వరకు తేడా ఒప్పుకుంటారు, మీ 138కి 121కి తేడా ఆ లోపే ఉంది, పైగా రెండూ ఒకే టైమ్‌లో చూసినవి కావు. చేతులు కడుక్కోకుండా గుచ్చినా, పండు కోసిన చేత్తో చూసినా, స్ట్రిప్ డబ్బా మూత సరిగ్గా పెట్టక చెమ్మ తగిలినా నంబర్ మారిపోతుంది.

కానీ మీ విషయంలో అసలు సంగతి రక్తహీనత. ఎర్రకణాలు తక్కువున్నప్పుడు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, కొత్తవాటిలో కొన్ని దాన్ని సరిచేసుకుంటాయి గానీ అన్నీ కాదు. ఇక హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలలుగా ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత గ్లూకోజ్ అంటుకుందో చెప్పే లెక్క కదా, ఐరన్ లోపం ఉంటే షుగర్ పెరక్కపోయినా అది కాస్త ఎక్కువ రావచ్చు, తర్వాత ఐరన్ మాత్రలతో కొత్త కణాలు బాగా పుట్టుకొస్తుంటే కొన్నాళ్లు తగ్గి కనిపిస్తుంది. షుగర్ గీత 6.5 దగ్గర ఉంది, మీది 6.6, ఇంత చిన్న తేడా మీద, అదీ 8.9 హిమోగ్లోబిన్‌తో, జీవితాంతం మోసే పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

చెయ్యాల్సింది ఇది. ఇంకోరోజు ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లి ల్యాబ్‌లో ఫాస్టింగ్ ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకి మళ్లీ రక్తం ఇవ్వండి. ఆ రెండు గంటలూ నడవకుండా కూర్చోండి, ముందు మూడు రోజులూ భయపడి అన్నం మానెయ్యొద్దు, మామూలుగానే తినండి, లేకపోతే టెస్టే తేడా వస్తుంది. రెండో రీడింగ్ 140 లోపుంటే మంచిదే, 200 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్, మధ్యలో ఉంటే ప్రీ డయాబెటిస్. లక్షణాలు లేనివాళ్లకి ఒక్క రిపోర్ట్‌తో ఖాయం చెయ్యం, రెండు టెస్టులు ఒకే మాట చెప్పాలి. హిమోగ్లోబిన్ కోలుకుని మూడు నెలలు గడిచాక హెచ్‌బీఏ1సీ ల్యాబ్‌లోనే మళ్లీ చేయించండి. బ్లీడింగ్ ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్ట్‌కి చూపించుకోవడం మాత్రం వాయిదా వెయ్యొద్దు.

అన్నిటికన్నా నాకు కంగారు కలిగించింది మీరు ఆయన సూది పెన్ను వాడటం. దయచేసి ఇంకెప్పుడూ వద్దు, సూది మార్చినా సరే. పెన్ను మూతకి కంటికి కనబడనంత రక్తం అంటుకున్నా చాలు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి అలా పాకే వీలుంది. మీ డాక్టర్‌కి ఈ విషయం చెప్పి, హెపటైటిస్ టెస్టూ టీకా అవసరమా అని ఇద్దరి గురించీ అడగండి.

మీ ఆయనకి మాత్రం ఆ మీటరూ, క్లినిక్ మెషీనూ రెండూ చాలా పనికొస్తాయి. ఉన్న షుగర్ ఏ పూట ఎలా పోతోందో చూస్కోడానికి, 70 లోపు పడిపోతే వెంటనే పట్టుకోడానికి మీటర్ బాగా అక్కరకొస్తుంది, క్లినిక్‌లో అప్పటికప్పుడు హెచ్‌బీఏ1సీ తెలిస్తే మందు డోసు అదే విజిట్‌లో మార్చొచ్చు. ఆయన మాత్రలు మాత్రం మీరు ముట్టుకోవద్దు.

ఈలోగా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గిపోవడం లాంటివి మొదలైతే టెస్ట్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.