పాత స్పానిష్ గిటార్ కొనేముందు చీలిక కాదు, మెడ చూడండి

1960ల నాటి మాడ్రిడ్ చేతి తయారీ క్లాసికల్ గిటార్, పైపలక మీద సన్నటి చీలిక, 12వ మెట్టు (ఫ్రెట్) దగ్గర ఆరో తీగ 5 మి.మీ. ఎత్తు, కొనొచ్చా అని ఒకరు అడిగారు. చీలిక బాగవుతుంది. తేల్చుకోవాల్సింది ఆ 5 మి.మీ. సంగతి, అది 4కు తగ్గాలి.

స్పానిష్ పద్ధతిలో మెడను విడిగా చేసి తర్వాత బిగించరు. మెడ మడమకే (అది పెట్టెకు కలిసే చోటు) అటూ ఇటూ గాడి కోసి, పక్క చెక్కలు అందులో దూర్చి, సొలెరా అనే పలక మీద పైపలకను బోర్లా పెట్టి అంతా ఒకటిగా కడతారు. అందుకే మెడ ముందుకు వాలితే, చాలా స్టీల్ తీగల గిటార్లకు చేసినట్టు ఊడదీసి కోణం సరిచేయడం తేలిక్కాదు.

ముందు తీగను 1, 12 మెట్ల దగ్గర నొక్కి పట్టి, 6వ మెట్టు మీద సందు చూడండి. అర మి.మీ. దాటితే మెడే వంగిందన్నమాట. అప్పటి గిటార్లలో సాధారణంగా మెడ లోపలి ఇనుప కడ్డీ, అంటే ట్రస్ రాడ్, ఉండదు, తిప్పి సరిచేయడానికి. మెడ తిన్నగా ఉంటే బ్రిడ్జ్ పైన తీగలు ఆనే శాడిల్ ఎముక ఎంత కనిపిస్తోందో కొలవండి. 12వ మెట్టు దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్ 2 మి.మీ. అరగదీయాలి. ఎముక 4 మి.మీ. ఉంటే ఇంకా 2 మిగులుతుంది, ఫర్వాలేదు. ఇప్పటికే 2 ఉంటే మాత్రం అరగదీశాక తీగ వాలు పోయి నాదం చప్పబడుతుంది. అప్పుడు మెట్లు బిగించిన ఫింగర్‌బోర్డ్‌కే చిత్రిక పట్టి మెట్లన్నీ కొత్తవి వేయాలి. నేనైతే ఆ ఖర్చు ధరలో తగ్గించకుండా కొనను.

ఇక చీలిక. గాలిలో తేమ 40 శాతం కన్నా తగ్గితే పైపలక చెక్కలైన స్ప్రూస్, సెడార్ కుంచించుకుని పోగు వెంట చీలతాయి. గిటార్‌ను కొన్ని వారాలు 45–55 శాతం తేమలో ఉంచితే చాలా చీలికలు వాటంతటవే దగ్గరపడతాయి. తర్వాత తోలు కాచి తీసిన వేడి జిగురు ఎక్కించి, లోపల చిన్న స్ప్రూస్ బిళ్లలు పోగుకు అడ్డంగా అతికిస్తారు. సూపర్ గ్లూ పోయనివ్వకండి. అది పోగుల్లోకి ఇంకితే తర్వాత తోలు జిగురు సరిగా పట్టదు.

చిన్న అద్దం, లైటు లోపలికి పెట్టి పైపలక అడుగున విసనకర్రలా పరిచిన చెక్క పట్టీలు చూడండి. స్పెయిన్‌లోని ఆల్మేరియా గిటార్ తయారీదారు ఆంతోనియో దె తోరెస్ (1817–1892) స్థిరపరిచిన అమరికే ఇది. వేలితో తడితే జరజరమంటే పట్టీ ఊడినట్టే, మళ్లీ అతుకుతుంది.

పూత స్పిరిట్‌లో కరిగించిన లక్కదైతే దాన్ని గీకించి పాలిష్ వేయించకండి, శానిటైజర్ తడి చేత్తో ముట్టుకోకండి. వెనక చెక్క బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే అది 1992 నుంచి సైటీస్ (వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. అనుమతి పత్రాలు చేతికి రాకుండా గిటార్‌ను దేశం దాటించొద్దు.