అంతర్జాతీయ హోటళ్లలో స్థానిక కళ: గోడ నింపడానికా, భవనంలో భాగం కావడానికా?

మీరు అడిగింది సూటి ప్రశ్న. అంతర్జాతీయ గొలుసు హోటళ్లలో స్థానిక కళలను వాడటం వల్ల ఆ కళకు గానీ, అతిథికి గానీ నిజంగా ఒరిగేదేమైనా ఉందా, లేక అది ఖాళీ గోడలు నింపే పని మాత్రమేనా అని. హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో హోటళ్ల ఇంటీరియర్ పనులు చేస్తున్న నా అనుభవంలో తప్పకుండా ఒరుగుతుంది. అయితే ఆ కళ డ్రాయింగుల దశలోనే పనిలోకి రావాలి. గోడలు లేచి, లైట్లు బిగించి, రంగులు వేశాక మిగిలిన బడ్జెట్టుతో దుకాణం నుంచి తెప్పించి తగిలించిన బొమ్మ ఎంత గొప్పదైనా, కొత్త చొక్కాకు వేసిన మాసికలాగే కనిపిస్తుంది.

తోలుబొమ్మల సంగతే చూడండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు మేకతోలును శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలచగా గీకి, సన్నని ఉలులతో రంధ్రాలు పొడిచి, రంగులు వేస్తారు. హారంలోని ఒక్కో పూస, చీర అంచులోని ఒక్కో చుక్క ఆ రంధ్రాల వల్లే ఏర్పడుతుంది, వెనుక దీపం ఉన్నప్పుడే మెరుస్తుంది. పూర్వం తెల్లటి తెర వెనుక ఆముదం దీపాలు పెట్టి ఈ బొమ్మలను ఆడించేవారు. అలాంటి బొమ్మను నల్లగుడ్డ మీద పరచి, అద్దం బిగించి, ముందు నుంచి స్పాట్‌లైటు వేసిన లాబీలను నేను చాలా చూశాను. అక్కడ అతిథికి కనిపించేది వన్నె తగ్గిన తోలు మాత్రమే. నిమ్మలకుంటలో ఒక పెద్దాయన హనుమంతుడి బొమ్మను వాకిట్లోని ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకుని, "వెనకాల వెలుగు లేకపోతే స్వామికి ప్రాణం రాదమ్మా" అన్నారు. మాకు ఆ ఒక్క మాటే డిజైనుకు ఆధారమైంది. ఒక హోటల్ భోజనశాలకూ బార్‌కూ మధ్య కట్టవలసిన అడ్డుగోడను చెక్క చట్రాల్లో బిగించిన తోలు పలకలతో కట్టి, వాటి వెనుక కొంత దూరంలో వేడి పుట్టించని ఎల్‌ఈడీ దీపాలు అమర్చాము. ఏసీ గాలికి తోలు ఎండి అంచులు ముడుచుకుంటాయి గనుక, కళాకారులు తోలు లాంప్‌షేడ్లకు చేసినట్లే పలకలను చట్రానికి దారంతో బిగించి కుట్టారు. బార్ వైపు దేవతల బొమ్మలు వద్దని, నెమళ్లు, లతలు, చెట్లు చాలని వారే చెప్పారు. ఆ పని తెలిసినవారిని ముందే పిలిచి కూర్చోబెట్టుకోకపోతే అలాంటి సూచన మనకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పటాలది మరో రకమైన చిక్కు. ఖాదీ గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత వేసి, ఎర్రని నేపథ్యంపై గీసే ఈ పటాలు విడి చిత్రాలు కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం వినిపించే కథకులు పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కో ఘట్టాన్ని చూపిస్తూ పాడేవారు. ఒక పనిలో విదేశీ ఆర్ట్ కన్సల్టెంట్, పటంలోని కల్లుగీసే మనిషి బొమ్మ ఒక్కటి కత్తిరించి, పెద్దది చేసి, ప్రతి గదిలోనూ ప్రింటుగా పెడదామన్నారు. నేను గట్టిగా అభ్యంతరం చెప్పాను. లిఫ్టు నుంచి గదుల దాకా సాగే కారిడార్ హోటల్‌లో అన్నిటికన్నా పొడవైన చోటు, పైగా అక్కడ ఎండ పడదు. అక్కడ ఘట్టాలను వరుసగా పెడితే అతిథి నడుస్తున్న కొద్దీ కథ విప్పుకుంటుందని వాదించి ఒప్పించాను. గదుల్లోకి ప్రింట్లు వెళ్లలేదు. చిత్రకారుడు ఆ కారిడార్ కొలతలకు తగినట్లు కొత్త పటమే గీశారు.

శ్రీలంకలో గాలె దగ్గరి లైట్‌హౌస్ హోటల్‌ను చూశాక ఈ అభిప్రాయం నాలో మరింత బలపడింది. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపొందించిన ఆ హోటల్‌లో మెట్ల వెంట పోర్చుగీసు వారికీ సింహళులకూ జరిగిన యుద్ధాన్ని శిల్పి లకీ సేనానాయకే లోహపు బొమ్మలతో నిలిపారు. ఆ సైనికుల బొమ్మలే మెట్లకు రెయిలింగ్. వాటిని తీసేస్తే మెట్లెక్కేవారికి ఆసరా ఉండదు.

వస్తువు స్వభావం తెలియకుండా ఈ పని చేయకూడదు. హోటళ్లలో తెరలకూ, గోడ గుడ్డలకూ మంటలు అంటుకోకుండా రసాయనం పట్టించాలనే నిబంధన ఉంటుంది. కరక్కాయ, పటిక, బెల్లంతో ఇనుము ఊరబెట్టిన కసిమి వంటివాటితో తయారయ్యే శ్రీకాళహస్తి కలంకారీ రంగులు ఆ రసాయనం తగిలితే మారిపోవచ్చు గనుక, ముందుగా చిన్న ముక్క మీద పరీక్షించాలి. పెద్ద అద్దాల కిటికీల ఎదుట కలంకారీని వేలాడదీయకపోవడమే మంచిది, ఎందుకంటే పసుపు రంగు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. ఏటికొప్పాక లక్క పిడులు అలమారాలకు ఎంతో అందాన్నిస్తాయి, చేతికి నున్నగా తగులుతాయి. కానీ లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, హౌస్‌కీపింగ్ వారు శానిటైజర్‌తో తుడిస్తే మెరుపు పోతుంది. ఈ సంగతి వారికి రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇక డబ్బు. పెద్ద సంస్థలు బిల్లు పెట్టిన రెండు మూడు నెలలకు గానీ చెల్లించవు. తోలు, రంగులు ముందే కొనవలసిన కుటుంబం అంతకాలం ఆగలేదు. సగం సొమ్ము అడ్వాన్సుగా కళాకారుడి ఖాతాకు నేరుగా చేరాలని, మధ్యవర్తి కమీషన్ అందులోంచి కోయకూడదని ఒప్పందంలో రాయించండి. పని పక్కన ఆయన పేరు, ఊరి పేరు ఉండాలని కూడా అందులోనే చేర్చండి. అతిథి ఆ పేర్లు చదివి నేరుగా ఆ ఊరికి ఆర్డరు పంపిన సందర్భాలు నాకు తెలుసు. తోలు పలకలకూ పటాలకూ మరమ్మతు అవసరమవుతుంది కాబట్టి, వాటిని చేసినవారే ఏటా వచ్చి సరిచూసేలా, ప్రయాణ ఖర్చూ కూలీ హోటలే భరించేలా నిర్వహణ ఖర్చుల్లో మొదటి నుంచే కేటాయింపు పెట్టించండి.